మందుల సంచి పోయిన రాత్రి

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. మా పాపకు 13 ఏళ్లు. రెండేళ్ల కింద టైప్ 1 షుగర్ అని తేలింది. రోజుకు నాలుగు సూదులు. పోయిన నెల కరీంనగర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్‌కు పోయి రాత్రి బస్సులో తిరిగి వస్తున్నాం. హుజూరాబాద్‌లో బస్సు ఆగినప్పుడు పైన పెట్టిన బ్యాగు ఎవరో దించుకుని పోయారు. ఎల్కతుర్తి దాటాక గానీ చూసుకోలేదు. రెండు ఇన్సులిన్ పెన్నులు, గ్లూకోమీటర్, స్ట్రిప్పుల డబ్బాలు, పాప చేతికి అతికించి షుగర్ చూపే సెన్సార్‌తో కలిపిన ఫోన్, అన్నీ అందులోనే. ఇరవై వేల పైమాటే. దిగేసరికి రాత్రి పదిన్నర. ఒక మెడికల్ షాపు తెరిచి ఉంటే అడిగాం. పెన్ను లేదని ఇన్సులిన్ సీసా, సిరంజీలు ఇచ్చారు. రోజూ వేసుకునేన్ని యూనిట్లే వేశాం. తెల్లారేసరికి వాంతులు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకెళ్తే షుగర్ 460 ఉంది. మూడు రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు బాగుంది.

పోలీస్ స్టేషన్‌కు పోతే "పెన్నులు, సూదులు పోయాయని కేసేందమ్మా, ఫోన్ పోయిందని రాసివ్వు" అన్నారు. అది కూడా హుజూరాబాద్ పోయి ఇవ్వమన్నారు. మా అత్తమ్మ అసలు కేసే వద్దంటోంది, ఆడపిల్లకు షుగర్ అని నలుగురికీ తెలుస్తుందని. వాట్సాప్‌లో ఎవరో సెన్సార్లు సగం ధరకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? వీటన్నిటికంటే పాప సంగతే దిగులుగా ఉంది. "నా వల్ల ఇన్ని డబ్బులు పోయాయి" అంటూ షుగర్ రోజుకు ఒక్కసారే చూసుకుంటోంది. స్కూల్ వాళ్లు రామప్పకు తీసుకెళ్తామంటే రానంటోంది. నేనేం చేయాలి?

సమాధానం: చెల్లె, మీ ఉత్తరం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నా కళ్లు ఒక్కదాని కోసమే వెతికాయి, పాప ఎలా ఉందని. "ఇప్పుడు బాగుంది" అన్న ముక్క కనబడ్డాక మళ్లీ మొదటి నుంచి నిదానంగా చదివాను. నాకూ ఇదే జబ్బు. 17 ఏళ్లప్పుడు వచ్చింది. సూదుల సంచి లేకుండా చీకట్లో బస్సు దిగితే కాళ్ల కింద నేల ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీరు అడిగినవన్నీ చెప్తాను. ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఆ రాత్రి షాపులో ఇచ్చిన సీసా, సిరంజీలు ఇంట్లో ఇంకా ఉంటే తీసుకొచ్చి లైటు కింద పెట్టి చూడండి.

సీసా మీద చిన్న అక్షరాల్లో 40 ఐయూ అని ఉంటుంది. అంటే ఒక ఎంఎల్ మందులో 40 యూనిట్లు. మన దగ్గర షాపుల్లో మామూలుగా దొరికే సీసాలు ఇవే. పాప పెన్నులో వేసే మందు గొట్టం, కార్ట్రిడ్జ్ అంటారు, అందులోది చిక్కనిది, ఒక ఎంఎల్‌కు 100 యూనిట్లు. సిరంజీలు కూడా అలాగే రెండు రకాలు. 40 సీసాకు వాడేది ఎర్ర మూత సిరంజి. 100 మందుకు వాడేది నారింజ రంగు మూత సిరంజి. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. విడిగా ఒకటే చేతికిస్తే, అందులో రాత్రి పదిన్నరకు, ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు లెక్క చూడండి. పాప 20 యూనిట్లు వేసుకోవాలనుకుందాం. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. చూడ్డానికి మాత్రం 20 వేసినట్టే ఉంటుంది. దీనికి తిరగేసి జరిగితే ఇంకా ప్రమాదం. పెన్ను కార్ట్రిడ్జ్‌లోని మందును ఎర్ర మూత సిరంజితో 20 దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. పిల్ల నిద్రలోనే షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ రకం కూడా మారి ఉండొచ్చు. భోజనానికి ముందు వేసుకునే పాత రకం రెగ్యులర్ ఇన్సులిన్ అయితే అరగంట ముందు వేయాలి, పెన్నులో వాడే కొత్త రకాలు తినే ముందు వేసినా చాలు. ఇక రాత్రి పూట వేసే, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఆ సీసాలో ఉండి ఉండకపోవచ్చు. మీ ఇంట్లో జరిగింది వీటిలో ఏదో ఆ మూత రంగు, సీసా మీది పేరు చూసి మీ డాక్టర్ చెప్పగలరు. రెండూ పట్టుకెళ్లి చూపించండి. మీరు తప్పు చేశారని చెప్పడం లేదు చెల్లె. ఆ గీతల వెనక ఉన్న లెక్క సీసా ఇచ్చినవాళ్లు చెప్పాలి. చెప్పలేదు.

అక్కడే డాక్టర్‌తో ఒక చీటీ రాయించుకోండి. "పెన్నులు పోతే" అని పైన రాసి, కింద సీసా ఇన్సులిన్ పేరు, ఎన్ని యూనిట్లు, ఏ పూట, ఏ రంగు మూత సిరంజి. అంతే, నాలుగు లైన్లు. దాన్ని ఫోటో తీసి మీ ఫోన్లో, మీ ఆయన ఫోన్లో, మీ ఆడబిడ్డ ఫోన్లో పెట్టండి. ఆ చీటీ నా పర్సులో పన్నెండేళ్ల నుంచి ఉంది, మడతల దగ్గర చిరిగితే మూడుసార్లు తిరగరాయించాను.

ఇలాంటిది మళ్లీ జరిగితే, జరగకూడదనే కోరుకుందాం, షాపులు వెతుక్కుంటూ తిరగకండి. నేరుగా ఎంజీఎం క్యాజువాలిటీకి పోండి, లేదా రాత్రంతా తెరిచి ఉండే పెద్ద ఆస్పత్రి ఏది దగ్గరైతే అది. "టైప్ 1 పాప, ఇన్సులిన్ మొత్తం పోయింది, రాత్రి సూది పడలేదు" అనండి. వాంతులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇన్సులిన్ లేకపోవడమే ఎమర్జెన్సీ. పెద్దవాళ్లకు వచ్చే షుగర్‌లో ఒక పూట మాత్ర తప్పితే మరుసటి రోజు సర్దుకోవచ్చు. టైప్ 1 ఉన్న మన పిల్లల ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. బయటి నుంచి అందకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, కీటోన్లు అనే విషాలు రక్తంలో పేరుకుంటాయి. తీరని దాహం, మాటిమాటికీ ఒంటికి పోవడం, కడుపునొప్పి, వాంతులు, ఆయాసపడుతున్నట్టు లోతైన ఊపిరి, నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఇవి కనబడితే 108కి ఫోన్ చేయడమే. మీ పాపకు తెల్లారేసరికి వచ్చిన వాంతులు తిన్నది అరగక వచ్చినవి కావు.

ఇక పోలీసుల సంగతి. కేసు పెట్టండి. ఖచ్చితంగా పెట్టండి.

స్టేషన్‌లో మీకు చెప్పిన రెండు మాటలూ తప్పే. హుజూరాబాద్ పోవాల్సిన పని లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీకు దగ్గరున్న స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు, అక్కడ నమోదు చేసి వాళ్లే హుజూరాబాద్ పంపాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకోబోమని అంటే కాగితం మీద రాసి పై అధికారికి, మన దగ్గరైతే కమిషనరేట్‌కు, పోస్టులో పంపే హక్కు అదే సెక్షన్‌లో ఉంది. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. చాలాసార్లు అంత దూరం పోనక్కర్లేదు, "173 ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ చేయండి సార్" అని సెక్షన్ నంబర్‌తో సహా అంటే మాట తీరు మారుతుంది.

ఫోన్ ఒక్కటే రాసివ్వమన్నది రెండో తప్పు. ఆ సంచిలో ఉన్నవన్నీ రాయండి, ఒక్కోదాని పక్కన ధర వేయండి. ప్రయాణికుల బస్సులోంచి వస్తువు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. మామూలు దొంగతనం 303వ సెక్షన్, దానికి మూడేళ్ల దాకా. అందులో 5,000 లోపు విలువైన దొంగతనానికి మొదటిసారి దొరికినవాడు వస్తువు తిరిగిస్తే సమాజ సేవతో సరిపెడతారు. "పెన్నులే కదా" అన్న మాటతో మీ కేసు అంత చిన్నదైపోతుంది. అందుకే బస్సులో పోయిందని, ఏ టైంకు ఏ బస్సని టికెట్ చూసి స్పష్టంగా రాయండి. చివర్న ఈ ముక్క కలపండి: "ఇవి మా పాప ప్రాణం నిలబెట్టే మందులు, పరికరాలు. ఇవి పోయిన పన్నెండు గంటల్లోపే ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది." ఎంజీఎం డిశ్చార్జ్ కాగితం జిరాక్స్ పిన్ను కొట్టండి. పెన్ను అంటే రాసే పెన్ను అనుకునేవాళ్లకు ఆ కాగితం చెప్తుంది.

ఎఫ్ఐఆర్ కాపీతో ఇంకా పనులున్నాయి. పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్‌లో ఫోన్ బ్లాక్ చేయడానికి అది పనికొస్తుంది. ఐఎంఈఐ నంబర్, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, ఫోన్ అట్టపెట్టె మీద ఉంటుంది. ఈ పద్ధతిలో మన రాష్ట్ర పోలీసులు చాలామందికి ఫోన్లు తిరిగి ఇప్పించారు, ఆశ వదులుకోకండి. గ్లూకోమీటర్ పెట్టె మీద కూడా సీరియల్ నంబర్ ఉంటుంది, అదీ ఫిర్యాదులో రాయండి. పెట్టెలు పారేసి ఉంటే ఇకమీద పారేయకండి. సెన్సార్ విషయానికొస్తే, చాలా మోడళ్లు మొదట ఏ ఫోన్‌తో కలిపామో దానితోనే పనిచేస్తాయి, మధ్యలో వేరే ఫోన్‌కు మారవు. మీది మారుతుందో లేదో, పోయిందానికి బదులేమైనా ఇస్తారో, కంపెనీ వాళ్లకే ఫోన్ చేసి అడగండి. అడిగితే పోయేదేం లేదు.

బస్ డిపోలో కూడా ఒకసారి అడిగారా? దొంగకు కావాల్సింది ఫోన్, డబ్బు. సూదులు చూసి సంచిని ఏ ముళ్లకంపలోనో, బస్టాండ్ మరుగుదొడ్ల దగ్గరో విసిరేసి పోయి ఉండొచ్చు. ఊడ్చేవాళ్లకు దొరికి డిపోలో ఇచ్చి ఉంటే? ఒకవేళ దొరికితే గ్లూకోమీటర్ పనికొస్తుంది. ఇన్సులిన్ మాత్రం వాడొద్దు. అది ఎండలో ఎన్ని గంటలుందో మనకు తెలియదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, వాడుతున్నదైనా 30 డిగ్రీలు దాటని చోట నెల రోజుల్లోపు వాడేయాలి. మన వరంగల్ ఎండకు అది ఏమవుతుందో చెప్పాలా? పాడైన ఇన్సులిన్ చాలాసార్లు చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది, పొడిచాక గానీ తెలియదు.

ఈ కారణంతోనే ఆ సగం ధర సెన్సార్లు కూడా వద్దు. అది ఎవరి సంచిలోంచి వచ్చిందో? మీ పాప లాంటి ఇంకో పిల్ల సంచిలోంచి వచ్చి ఉంటే? దొంగ సొమ్మని తెలిసి కొంటే, తెలుసుకునే వీలుండి కొన్నా, అది 317వ సెక్షన్ కింద నేరం. అంతకంటే ముందు పాప ఆరోగ్యం. గడువు దాటిందో, ఎండలో మాడిందో తెలియని సెన్సార్ తప్పు నంబర్ చూపిస్తే, ఆ తప్పు నంబర్‌ను నమ్మి మనం ఇన్సులిన్ వేస్తాం. బిల్లు ఇచ్చేచోటే కొనండి. డబ్బు కష్టమైతే కొన్నాళ్లు సెన్సార్ ఆపండి. వేలికొస మీద పొడుచుకుని చూసే పాత పద్ధతితోనే నేను పదిహేనేళ్లు బతికాను. సెన్సార్ లేకపోయినా నడుస్తుంది, స్ట్రిప్పులు, ఇన్సులిన్ లేకపోతే నడవదు. ఇన్సులిన్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఇస్తారేమో ఎంజీఎంలోనే అడగండి. అదే బ్రాండ్ దొరక్కపోవచ్చు, అప్పుడు డాక్టర్‌తో డోసు రాయించుకుని వాడండి.

ఇప్పుడు మీ అత్తమ్మ మాట. ఆమె మీద కోపం తెచ్చుకోకండి. ఆమె భయం నాకు కొత్త కాదు, మా అమ్మ కూడా అదే భయంతో నా సూదులు బియ్యం డబ్బా వెనక దాచేది. పెళ్లికి ముందు మా ఆయనకు చెప్పాం, ఆయన తల్లిదండ్రులకు చెప్పాం. మిగతా చుట్టాలకు చెప్పలేదు.

2014లో మేడారం జాతరకు అత్తగారి తరఫు వాళ్లందరితో కలిసి పోయాను. జంపన్న వాగు ఒడ్డున చెట్టు చాటుకు పోయి, ఎవరూ చూడకుండా సూది వేసుకున్నాను. వచ్చి పులిహోర తిందామని. సూదుల సంచి, టిఫిన్ డబ్బా ఒకే బ్యాగులో పెట్టి, బ్యాగు మా చిన్నత్త పక్కన పెట్టి, నీళ్లలో నాలుగు అడుగులు వేసి తల తడుపుకుని వచ్చాను. అంతే. బ్యాగు లేదు. ఆ జనంలో ఎవరిని పట్టుకుంటాం? అందరూ బ్యాగు కోసం అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. ఇన్సులిన్ మాత్రం నా ఒంట్లోకి పోయింది, అన్నం పోలేదు. ఇరవై నిమిషాల్లో చేతులు వణకడం మొదలైంది, చెమటలు, పెదాల చుట్టూ తిమ్మిరి. చిన్నత్త నా ముఖం చూసి "బ్యాగు పోతే పోయింది గానీ అంత టెన్షన్ ఎందుకే" అంటోంది. షుగర్ పడిపోతోందని చెప్పాలంటే షుగర్ ఉందని చెప్పాలి కదా. నేను చెప్పలేదు చెల్లె. కళ్లు మసకలు కమ్ముతున్నా నోరు తెరవలేదు.

పక్కన చాప మీద ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. అమ్మవార్లకు ఇవ్వడానికి తెచ్చిన బంగారం, అంటే బెల్లం ముద్దలు, తెల్లబట్టలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసి "ఏమైంది బిడ్డా, శెక్కరా?" అంది. తలూపాను. ఆమె మూట విప్పి, బెల్లం మీద గోరు పెట్టి విరవబోయింది, విరగలేదు. రాయి తీసుకుని కొట్టి, ముక్క నా నోట్లో పెట్టింది. "అమ్మలకు తర్వాతిద్దాం" అంది. వాళ్ల ఆయనకు షుగరట, అందుకే పోల్చుకుంది. పదిహేను నిమిషాలకు మనిషినయ్యాను. సాయంత్రం జాతరలో పెట్టిన ఆస్పత్రిలో ఇన్సులిన్ ఇచ్చారు, ఆ రాత్రి గడిచింది.

మా చిన్నత్తకు ముందే తెలిసి ఉంటే ఆ బెల్లం ఆమే పెట్టేది. ఈ సంగతి మీ అత్తమ్మకు చదివి వినిపించండి. రేపు బస్సులోనో, బడిలోనో పాప పడిపోతే పక్కనున్నవాళ్లకు తెలియాలా వద్దా అని ఆమెనే అడగండి. నాయనమ్మ కదా, మనవరాలి కంటే ఎక్కువేముంటుంది? ఇంకో మాట కూడా చెప్పండి. మొట్టమొదట ఇన్సులిన్ వేయించుకున్నది మీ పాప కంటే ఒక్క ఏడాది పెద్ద పిల్లవాడు. 1922 జనవరిలో, కెనడాలోని టొరంటోలో, 14 ఏళ్లవాడు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు ఏడాదికో రెండేళ్లకో పోయేవాళ్లు. మీ అత్తమ్మ చిన్నప్పుడు మన పల్లెల్లో ఎంతమంది పిల్లలు "సన్నబడి సన్నబడి" పోయారో ఆమెకే గుర్తుండొచ్చు. ఇప్పుడు సూది ఉంది, పాప చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, పెళ్లి చేసుకుంటుంది. నాకు ఇద్దరు పిల్లలు. దాచి చేసిన పెళ్లి కంటే చెప్పి చేసిన పెళ్లే నాకు నిద్ర పట్టనిచ్చింది.

చివరికి పాప దగ్గరికి వద్దాం, నిజానికి మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. దొంగ సంచి ఒక్కసారే ఎత్తుకుపోయాడు. రోజుకు ఒక్కసారే చూసుకుంటూ పాప తన రక్షణను తానే రోజూ వదులుకుంటోంది. నాలుగు సూదులు వేసుకునే పిల్ల తినే ముందు మూడుసార్లు, పడుకునేముందు ఒకసారి, కనీసం నాలుగుసార్లన్నా చూసుకోవాలి. చూడకుండా వేసే సూది చీకట్లో వేసే అడుగులాంటిది.

పిల్ల డబ్బు లెక్క వేస్తోందంటే ఎక్కడో ఆ లెక్క ఆమె చెవిన పడింది. మీరు తిట్టారనడం లేదు. కొత్త మీటర్ కొంటున్నప్పుడు "మళ్లీ ఇంత" అని మీ ఆయనతో అన్నా చాలు, పక్క గదిలో వినబడుతుంది. నాకు 18 ఏళ్లప్పుడు మా నాన్న అప్పు పుస్తకంలో "మందులు" అని రాసిన లైను చూసి నేను వారం రోజులు సూది సగం సగం వేసుకున్నాను. నాన్నకు తెలిసి నన్ను ఏమీ అనలేదు. ఆ పుస్తకం తెచ్చి, ఆ లైను పక్కనే కరెంటు బిల్లు, బియ్యం, తమ్ముడి ఫీజు రాసిన లైన్లు చూపించాడు. "ఇవన్నీ బతకడానికి పెట్టే ఖర్చులే, ఇదీ అంతే" అన్నాడు. మీరూ పాప ముందు కూర్చుని అట్లాంటిదే ఒకటి చెప్పండి. బ్యాగు పైన పెట్టింది ఎవరు? పెద్దవాళ్లే కదా. "నేను పైన పెట్టాను, పొరపాటు నాది. ఎత్తుకుపోయింది దొంగ. నీది ఇందులో ఏమీ లేదు" అని నోరు తెరిచి చెప్పండి. పిల్లలు మనం చెప్పకుండానే అర్థం చేసుకుంటారని అనుకోవద్దు, చెప్పనివాటిని వాళ్లు తమ మీదికే లాక్కుంటారు. స్ట్రిప్పుల డబ్బా లెక్కపెట్టే పని ఆమెది కాకుండా మీరు తీసుకోండి. డబ్బాలో పది మిగిలితే కొత్తది తెచ్చి పెట్టండి, ఖాళీ డబ్బా ఆమె కంటబడనివ్వకండి.

రామప్పకు పంపండి. పాపను ఒప్పించండి గానీ బలవంతం చేయకండి. తనకు భయం ఎందుకంటే మళ్లీ సంచి పోతుందేమోనని. సంచి పోయినా ఏమీ కాదని చూపిస్తే భయం సగం తగ్గుతుంది. అన్నీ ఒకే సంచిలో పెట్టడమే అసలు చిక్కు, నేను మేడారంలో చేసిందీ అదే. పాప నడుముకు కట్టుకునే చిన్న పౌచ్‌లో ఒక పెన్ను, మీటర్, పది స్ట్రిప్పులు. అది నిద్రలో కూడా ఒంటి మీదే ఉండాలి. రెండో పెన్ను, మిగతా స్ట్రిప్పులు, ఆ "పెన్నులు పోతే" చీటీ వెంట వచ్చే టీచర్ దగ్గర. బస్సు అయినా, కాజీపేటలో ఎక్కే రైలు అయినా, ఇన్సులిన్ ఎప్పుడూ ఒళ్లోనే, పైన ర్యాక్‌లో కాదు, సీటు కింద కాదు. పౌచ్ లోపల ఒక అట్టముక్క మీద మీ నంబర్ వేసి పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి: "ఇది చిన్నపిల్ల ప్రాణానికి సంబంధించిన మందు. మీకు పనికిరాదు, అమ్ముడుపోదు. దయచేసి ఈ నంబర్‌కు ఫోన్ చేయండి, ఏమీ అడగము." ఎత్తుకుపోయినవాడికి కూడా ఇంట్లో పిల్లలుంటారు. నా అట్టముక్క ఇప్పటికి ఎవరి చేతా పడలేదు. పాప అట్టముక్కను మాత్రం ఆమెతోనే రాయించండి, ఆమె చేతిరాతతోనే.

టీచర్‌కు ముందు రోజే చెప్పండి. చేతులు వణికితే, చెమటలు పడితే, మాట తడబడితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వమని, పదిహేను నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్లీ ఇవ్వమని. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయమని. పల్లీపట్టీ ఇస్తామంటారు, అది వద్దనండి, అందులో నూనె ఉంటుంది, షుగర్ పెరగడానికి ఆలస్యమవుతుంది. చక్కెర, గ్లూకోజ్ పొడి, బెల్లం అయితే మంచిది. రామప్ప నుంచి వచ్చాక పాపను నాకు రెండు ముక్కలు రాయమనండి, అక్కడి నంది విగ్రహం ఎలా ఉందో, ఆ రోజు ఎన్నిసార్లు చూసుకుందో.